పదకొండుసార్లు తీసిన తాళం: ఒక అకౌంట్ లాకౌట్ కేసు

మూడు వారాల్లో ఒకే ప్రొఫెసర్ గారి పేరు మీద మా హెల్ప్ డెస్క్‌కు 11 టికెట్లు (నమోదైన ఫిర్యాదులు) వచ్చాయి. పదకొండింటిలోనూ ఒకటే మాట: "అకౌంట్ లాక్ అయింది. అన్‌లాక్ చేశాం. క్లోజ్." నెలాఖరు రిపోర్టులో అవి 11 పరిష్కారాలుగా లెక్కకొచ్చాయి. నిజానికి ఒక్కటీ పరిష్కారం కాలేదు.

నేను యూనివర్సిటీ ఐటీ విభాగంలో రెండో అంచె సపోర్ట్‌లో పనిచేస్తాను. హెల్ప్ డెస్క్‌లో తేలనివి నా దగ్గరికి వస్తాయి. ఈ కేసు మాత్రం మామూలు దారిలో రాలేదు. మార్కులు అప్‌లోడ్ చేయాల్సిన ఆఖరి రోజు ఆ ప్రొఫెసర్ గారి అకౌంట్ ఉదయం నుంచి మూడుసార్లు లాక్ అయింది. ఆవిడ ఫోన్ పెట్టేసి, రెండంతస్తులు దిగి నేరుగా మా గదికే వచ్చారు. కోప్పడలేదు. "నాకు పాస్‌వర్డ్ గుర్తుండట్లేదని మీవాళ్లు అనుకుంటున్నారు. నాకు బాగానే గుర్తుంది. ఒక్కసారి నేను చెప్పేది వినండి" అన్నారు. ఆ మాట నాకు గట్టిగా తగిలింది. ఎందుకంటే ఆవిడ అన్నది నిజం. మేమందరం అలాగే అనుకున్నాం.

లాకౌట్ ఎందుకు ఉంటుందో తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఎవరైనా ఊహించి ఊహించి పాస్‌వర్డ్ కొట్టకుండా, కొన్ని తప్పు ప్రయత్నాల తర్వాత అకౌంట్ కాసేపు మూసుకుపోతుంది. మా దగ్గర 30 నిమిషాల్లో 5 తప్పులు పడితే 30 నిమిషాలు లాక్. అయితే ఆ తప్పు కొట్టేది మనిషే అయ్యుండాలని లేదు. ఎప్పుడో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌తో ఒక ఫోనో, ఒక ప్రింటరో, ఒక పాత ప్రోగ్రామో కూడా ఆ పని చేయగలదు. అనుభవం చెప్పేదేమిటంటే, ఒకే మనిషికి పదేపదే లాకౌట్ అవుతోందంటే తప్పు కొడుతున్నది దాదాపు ఎప్పుడూ మెషీనే.

అది తెలిసే హెల్ప్ డెస్క్ వాళ్లు మొదట్లోనే ఆవిడ ఫోన్, ల్యాప్‌టాప్, బ్రౌజర్ చూశారు. మూడు వారాల కిందటే ఆవిడ పాస్‌వర్డ్ మార్చారు, కాబట్టి పాతది ఎక్కడో మిగిలిపోయి ఉండాలి. వాళ్ల అనుమానం సరైనదే. కానీ అన్నిచోట్లా కొత్త పాస్‌వర్డే ఉంది. తర్వాత క్లాస్‌రూమ్ కంప్యూటర్ మీద అనుమానం పడింది. ఎక్కువసార్లు అక్కడ లాగిన్ అయ్యేటప్పుడే లాక్ కనిపిస్తోందని, కీబోర్డులో ఏదో కీ పట్టేస్తోందేమోనని కీబోర్డు మార్చారు. మర్నాడు మళ్లీ లాక్.

విన్నది, రాయనిది

ఆ రోజు ఆవిణ్ణి కూర్చోబెట్టి ముందు మార్కుల పని అయ్యేలా చూశాను. పక్కనే ఉండి, లాక్ పడినప్పుడల్లా తీస్తూ, గంటన్నరలో అప్‌లోడ్ పూర్తి చేయించాను. చికిత్స కాదది, నొప్పి తగ్గించడం మాత్రమే. అయినా ముందు చేయాల్సింది అదే. గడువు నెత్తి మీద ఉన్న మనిషి దగ్గర లాగ్‌లు (కంప్యూటర్లు రాసుకునే నమోదులు) తిరగేస్తూ కూర్చుంటే టెన్షన్ పెరగడం తప్ప ఏమీ ఉండదు.

తర్వాత అడిగాను: "మేడమ్, ఇది ఎప్పుడెప్పుడు అవుతోంది?"

"మీవాళ్లకి మొదటి రోజే చెప్పాను కదా. నాకు పొద్దున క్లాసు ఉన్న రోజుల్లోనే ఎక్కువ. మంగళవారం, గురువారం. పది గంటలకి వెళ్లి లాగిన్ అవుదామంటే అప్పటికే లాక్ అయి ఉంటుంది. మిగతా రోజుల్లో కూడా అప్పుడప్పుడూ అవుతోందనుకోండి."

పదకొండు టికెట్లూ తెరిచి చూశాను. మంగళవారం, గురువారం అన్న మాట ఎక్కడా లేదు. ఆవిడ చెప్పారు, మావాళ్లు విన్నారు, ఎవరూ రాయలేదు. టికెట్‌లో "సమస్య" అన్న గడి నింపితే చాలు, "ఎప్పుడు" అన్న గడే లేదు. తప్పు ఫోన్ ఎత్తిన కుర్రవాళ్లది కాదు, ఆ ఫారం తయారు చేసిన మాది. ఈ కేసులో నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెట్టే విషయం ఇదే.

దొరికిందనుకున్న దొంగ

విండోస్ డొమైన్‌లో, అంటే అకౌంట్లన్నీ ఒకేచోట నిర్వహించే నెట్‌వర్క్‌లో, అకౌంట్ లాక్ అయితే పాస్‌వర్డ్‌లు సరిచూసే సర్వర్ అయిన డొమైన్ కంట్రోలర్ సెక్యూరిటీ లాగ్‌లో 4740 నంబరు ఈవెంట్ పడుతుంది. అందులో "కాలర్ కంప్యూటర్ నేమ్" అని ఒక లైన్ ఉంటుంది. తప్పు ప్రయత్నం ఏ మెషీన్ నుంచి వచ్చిందో చెప్పే లైన్ అదే. మూడు వారాల కేసే అయినా లాగ్‌లో మాకు దొరికింది ఆరు రోజులదే. ఫైలు పరిమాణం తక్కువ పెట్టడంతో అంతకు ముందువి చెరిగిపోయాయి.

ఉన్నవాటిలో రెండు పేర్లు కనిపించాయి. ఒకటి మా వై-ఫై లాగిన్‌లు చూసే రేడియస్ సర్వర్. రెండోది "యూజర్-పీసీ". రేడియస్ పేరు ఎక్కువసార్లు ఉంది కాబట్టి ముందు దాని వెంట పడ్డాను.

అక్కడ ఒక చిక్కుంది. వై-ఫై ద్వారా తప్పు పాస్‌వర్డ్ వస్తే డొమైన్ కంట్రోలర్‌కు కనిపించేది రేడియస్ సర్వరే, అసలు పరికరం కాదు. అది తెలియాలంటే రేడియస్ లాగ్‌లో ఆ క్షణంలో తిరస్కరించిన అభ్యర్థనను వెతికి, పరికరం మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని గుర్తింపు సంఖ్య), అది తగిలిన యాక్సెస్ పాయింట్ (వై-ఫై అందించే పెట్టె) చూడాలి. ఎడ్యురోమ్ (ఒక యూనివర్సిటీ అకౌంట్‌తో వేరే యూనివర్సిటీల్లోనూ వాడుకునే వై-ఫై) ఉన్న క్యాంపస్‌లలో ఇంకో మెలిక కూడా ఉంటుంది. మనవాళ్ల పరికరం ఇంకెక్కడో వేరే యూనివర్సిటీలో ఉన్నా, దాని లాగిన్ అభ్యర్థన రేడియస్ సర్వర్ల గొలుసు మీదుగా మన దగ్గరికే వస్తుంది. అంటే వేరే దేశంలో బ్యాగులో పడి ఉన్న ఫోన్ కూడా ఇక్కడ అకౌంట్ లాక్ చేయగలదు. అందుకే ముందు అభ్యర్థన మన యాక్సెస్ పాయింట్ల నుంచే వచ్చిందా లేదా అన్నది తేల్చుకోవాలి. ఇది మన భవనంలోంచే వచ్చింది, మూడో అంతస్తు నుంచి.

మ్యాక్ అడ్రస్ పట్టుకుంటే తయారీదారు ఎవరో తెలుస్తుందనుకున్నాను. కానీ ఇది యాదృచ్ఛికంగా పుట్టించిన అడ్రస్. ఈ మధ్య ఫోన్లు, ట్యాబ్లెట్లు గోప్యత కోసం ప్రతి వై-ఫైకీ ఒక కల్పిత అడ్రస్ చూపిస్తాయి. వాడేవాళ్లకు అది మంచిదే, మాబోటివాళ్లకు మాత్రం నడక తప్పదు. యాక్సెస్ పాయింట్ ఉన్న కారిడార్‌లో ప్రొఫెసర్ గారితో పాటు ఒక్కో గదీ చూసుకుంటూ వెళ్లాను. సెమినార్ గది అల్మరాలో ఛార్జింగ్‌కు పెట్టి ఉన్న ట్యాబ్లెట్ దొరికింది. ఒకప్పుడు ఆవిడ వాడి, తర్వాత ల్యాబ్‌కు ఇచ్చేశారు. చాలాకాలం ఛార్జింగ్ లేకుండా పడి ఉంది. నెల కిందట ఒక విద్యార్థి పేపర్లు చదువుకోవడానికి తీసి ఛార్జ్ చేశాడు. అప్పట్నుంచి అది నిద్ర లేచినప్పుడల్లా ఆవిడ పాత పాస్‌వర్డ్‌తో వై-ఫై తలుపు తడుతోంది.

అందులో ఆవిడ అకౌంట్ తీసేశాం. టికెట్ మూసేశాను. మావాళ్లకు గ్రూప్‌లో మెసేజ్ కూడా పెట్టాను, "దొరికింది" అని.

తర్వాతి మంగళవారం పది గంటల ఏడు నిమిషాలకు ఫోన్: "మళ్లీ లాక్ అయిందండీ."

చేసిన తప్పు నాకు వెంటనే అర్థమైంది. ఎక్కువసార్లు కనిపించిన పేరు పట్టుకుని, ఆవిడ చెప్పిన మంగళ, గురువారాల మాట వదిలేశాను. ట్యాబ్లెట్‌కు వారాలు తెలియవు. మిగతా రోజుల్లో "అప్పుడప్పుడూ" అయినవి దాని పని. అసలు కారణం వేరే ఉంది. ఈ రెండూ కలిసిపోవడం వల్లే ఒక వరస ఉన్నట్టు ఎవరికీ కనిపించలేదు.

యూజర్-పీసీ

ఈసారి రెండో పేరు. ఆ పేరుతో మా ఆస్తుల జాబితాలో ఏ మెషీనూ లేదు. డొమైన్‌లో చేరని కంప్యూటర్‌కు ఇన్‌స్టాల్ చేసినవాళ్లు ఇచ్చి వదిలేసిన పేరది. పేరుతో పని కాదు, అడ్రస్ కావాలి. 4740 ఈవెంట్‌లో ఐపీ అడ్రస్ ఉండదు. కానీ ఆ మెషీన్ ఏ సర్వర్‌లోకి వెళ్లబోయి విఫలమైందో అక్కడి లాగ్‌లో 4625 నంబరు ఈవెంట్ పడుతుంది, అందులో ఐపీ ఉంటుంది. ఫైల్ సర్వర్‌లో దొరికింది. ఐపీ నుంచి రూటర్‌లో మ్యాక్ అడ్రస్, మ్యాక్ అడ్రస్ నుంచి స్విచ్‌లో పోర్ట్, అంటే వైరు గుచ్చిన చోటు: మూడో అంతస్తు స్విచ్, 17వ పోర్ట్.

పోర్ట్ నుంచి గదికి వెళ్లడానికి ప్యాచ్ ప్యానెల్ (గదుల వైర్లన్నీ వచ్చి చేరే పలక) మీది లేబుల్ ఒక్కటే ఆధారం. లేబుల్ మీద ఉన్న గది నంబరు ఇప్పుడు లేదు. భవనంలో గదులకు కొత్త నంబర్లు వేసినప్పుడు లేబుళ్లు మార్చలేదు. "పోర్ట్ ఆపేద్దాం సార్, ఎవరు అరిస్తే వాళ్లదే" అన్నాడు మా కుర్రవాడు. మా వృత్తిలో చాలామంది చేసే పనే అది. నేను ఒప్పుకోలేదు. అది పరిశోధన ల్యాబులున్న అంతస్తు. ఆ వైరు చివర గంటల తరబడి నడిచే ప్రయోగం ఉండొచ్చు. మనం ఆపిన ఒక్క నిమిషానికి ఒకరి రోజంతా పోవచ్చు. పాత ఫ్లోర్ ప్లాన్ తెప్పించి చూశాం. అరగంట పట్టింది. పాత నంబరు గల గది ఇప్పుడు ఆ ప్రొఫెసర్ గారి మైక్రోస్కోపీ ల్యాబ్.

లోపల లేజర్‌తో స్కాన్ చేసే కన్‌ఫోకల్ మైక్రోస్కోప్ పక్కన ఒక టవర్ కంప్యూటర్, మానిటర్ అంచుకు టేపుతో అంటించిన కాగితం: "అప్‌డేట్ చేయవద్దు". విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2020 జనవరి 14న ఆగిపోయింది. కానీ మైక్రోస్కోప్ నడిపే సాఫ్ట్‌వేర్ అంతకంటే కొత్తదాని మీద పనిచేయదు. సైన్స్ విభాగాల్లో పనిచేసిన సపోర్ట్ వాళ్లందరికీ ఈ కంప్యూటర్ పరిచయమే. పరికరం ఇంకా పదేళ్లు పనిచేస్తుంది, దాన్ని నడిపే కంప్యూటర్‌కు మాత్రం ఎప్పుడో కాలం చెల్లింది. దీన్ని మంగళ, గురువారాల్లోనే ఆన్ చేస్తారు. ఒక పరిశోధక విద్యార్థి పొద్దున పదికి కాస్త ముందు వచ్చి మొదలుపెడతాడు. సరిగ్గా అదే సమయానికి ప్రొఫెసర్ గారు కింద క్లాసుకు వెళ్తారు.

స్కాన్ అయ్యేదాకా ఆగి, అతని అనుమతితో టాస్క్ షెడ్యూలర్ (వేళకు పనులు నడిపే విండోస్ ప్రోగ్రామ్) తెరిచాను. ప్రతి గంటకూ నడిచే ఒక బ్యాచ్ ఫైలు (వరసగా నడిచే కమాండ్ల స్క్రిప్ట్) ఉంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే పట్టుమని పదిహేను లైన్లు లేవు. మొదటి లైన్‌లో సర్వర్‌కు కనెక్ట్ చేసే "నెట్ యూజ్" కమాండ్, దాని పక్కనే ప్రొఫెసర్ గారి యూజర్ నేమ్, ఆవిడ పాత పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు. కనెక్ట్ కాకపోతే పదిసార్లు మళ్లీ ప్రయత్నించే లూప్. తర్వాత ఆ రోజు బొమ్మలను సర్వర్‌కు కాపీ చేసే రోబోకాపీ కమాండ్. చివరి లైన్‌లో, ఏం జరిగినా సరే, "విజయవంతం" అని చెప్పి ముగించే కోడ్ సున్నా.

అప్పటికే చదువు పూర్తి చేసి వెళ్లిపోయిన విద్యార్థి ఒకరు దీన్ని రాశారు. మంచి ఉద్దేశంతోనే. డేటా ఒక్కచోటే ఉండకూడదని ఆలోచించిన మనిషి. పాస్‌వర్డ్ ఇచ్చిన ప్రొఫెసర్ గారిదీ మంచి ఉద్దేశమే.

పక్కనున్న విద్యార్థి అడిగిన ప్రశ్న మాత్రం నన్ను ఆపేసింది. "సార్, ఈ ఫైలు ఏడాది నుంచి ఇలాగే ఉంది. మేడమ్ ఈలోగా మూడుసార్లు పాస్‌వర్డ్ మార్చారు. మరి లాక్ ఈ నెలలోనే ఎందుకు మొదలైంది?"

ఎనిమిది నెలల మౌనం

సమాధానం డొమైన్ అకౌంట్లను నడిపే యాక్టివ్ డైరెక్టరీలోని ఒక చిన్న వెసులుబాటులో ఉంది. పాస్‌వర్డ్ మార్చాక పాతది ఎక్కడో మిగిలిపోవడం మామూలే కాబట్టి, విండోస్ సర్వర్ 2003 నుంచి అందులో ఒక తనిఖీ పెట్టారు. కొట్టిన తప్పు పాస్‌వర్డ్, ఆ అకౌంట్ ఇటీవలి రెండు పాత పాస్‌వర్డ్‌లలో ఒకటైతే, లోపలికి రానివ్వదు, కానీ తప్పుల లెక్కలోనూ వేసుకోదు. దీన్ని "ఎన్ మైనస్ 2" అంటారు. స్క్రిప్ట్‌లో ఉన్న పాస్‌వర్డ్ మొదటి మార్పు తర్వాత ఒక మెట్టు పాతది, రెండో మార్పు తర్వాత రెండు మెట్లు పాతది. రెండుసార్లూ లెక్కలోకి రాలేదు. మూడో మార్పుతో అది ఆ హద్దు దాటింది. ఆ రోజు నుంచి ప్రతి ప్రయత్నమూ ఒక తప్పే.

ఇది వివరిస్తూనే ఉన్నాను, మధ్యలో నా గొంతు ఆగిపోయింది. మా దగ్గర నాలుగు నెలలకోసారి పాస్‌వర్డ్ మార్చాలి. లాక్ మొదలైంది మూడో మార్పుతో. కానీ తలుపు మూసుకుపోయింది మొదటి మార్పుతోనే. అంటే అప్పట్నుంచీ కాపీ ఒక్కటీ వెళ్లలేదు.

స్క్రిప్ట్ పక్కనే లాగ్ ఫైలు ఉంది. తెరిచి పైకి జరుపుతూ వెళ్లాం. "సిస్టమ్ ఎర్రర్ 1326". తప్పు యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ అని అర్థం. మళ్లీ 1326. మళ్లీ. ఈ మూడు వారాల్లోవి కొన్ని 1909, అకౌంట్ లాక్ అయిందని. మిగతావన్నీ 1326, ఎనిమిది నెలలకు పైగా. టాస్క్ షెడ్యూలర్‌లో మాత్రం ప్రతిసారీ "విజయవంతం". చివరి లైన్ అలా చెప్పమంది కదా. సర్వర్‌లో ఆ ఫోల్డర్ తెరిస్తే ఆఖరి ఫైలు తేదీ సరిగ్గా మొదటి పాస్‌వర్డ్ మార్పు ముందు రోజుది.

ఆ విద్యార్థి ముఖంలో రంగు మారిపోయింది. అతని థీసిస్ బొమ్మల్లో సగం పైగా ఆ ఎనిమిది నెలలవే. అవి ఆ ఒక్క డిస్క్‌లోనే ఉన్నాయి.

లాకౌట్ సంగతి అక్కడికి పక్కన పెట్టేశాను. డిస్క్ ఆరోగ్యం చూపించే స్మార్ట్ వివరాలు చూస్తే, చదవలేకపోతున్న సెక్టర్ల సంఖ్య సున్నా కాదు. చిన్న సంఖ్యే, కానీ సున్నా కాదు. అలాంటి డిస్క్‌ను స్కాన్‌లు, డీఫ్రాగ్‌మెంట్లు అంటూ శ్రమ పెట్టకూడదు. రీస్టార్ట్ కూడా చేయలేదు. ఖాళీ ఎక్స్‌టర్నల్ డ్రైవ్ తెచ్చి, "ముందు ఏవి పోతే నీకు మళ్లీ రావు?" అని అడిగాను. మళ్లీ తయారు చేయలేని శాంపిళ్లు మొదట, మిగతావి తర్వాత. రోబోకాపీ మామూలుగా ఒక ఫైలు చదవలేకపోతే 30 సెకన్లకోసారి, 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. చెడిపోతున్న డిస్క్ మీద అది ప్రాణాంతకం. అందుకే ఒక్కసారే ప్రయత్నించి ముందుకు సాగేలా పెట్టాను. 340 జీబీ. సాయంత్రం ఏడున్నర దాటింది. రెండు ఫైళ్లు రాలేదు. అవి రెండూ మళ్లీ తీయగలిగినవే, శాంపిల్ ఫ్రిజ్‌లో ఉంది.

ప్రొఫెసర్ గారు ఆ సాయంత్రమంతా అక్కడే ఉన్నారు. "లాక్ పడకపోయి ఉంటే ఈ సంగతి మనకి ఎప్పుడు తెలిసేది?" అని అడిగారు. డిస్క్ పోయిన రోజు, అని చెప్పాను.

మార్చినవి

ఆ మెషీన్‌ను వేరే వీలాన్‌లోకి (నెట్‌వర్క్‌లో విడిగా కట్టిన భాగంలోకి) మార్చాం. అది ఇప్పుడు ఫైల్ సర్వర్‌తో తప్ప దేనితోనూ మాట్లాడలేదు, ఇంటర్నెట్ లేదు. డిస్క్ మార్చాం. కాపీకి ప్రత్యేకంగా ఒక సర్వీస్ అకౌంట్ ఇచ్చాం. దానికి ఆ ఒక్క ఫోల్డర్‌లో తప్ప ఎక్కడా హక్కులు లేవు, మనుషులు దానితో లాగిన్ కాలేరు. స్క్రిప్ట్ విఫలమైతే విఫలమైందనే చెబుతుంది. అంతకంటే ముఖ్యం, తనిఖీ ఆ కంప్యూటర్ మీద పెట్టలేదు, సర్వర్ మీద పెట్టాం. రోజూ సాయంత్రం సర్వర్ ఆ ఫోల్డర్ చూసి, ఎన్ని కొత్త ఫైళ్లు వచ్చాయో ల్యాబ్‌కు మెయిల్ పంపుతుంది. పంపాల్సిన మెషీనే మూగబోతే, అది మూగబోయిందని తనంతట తాను చెప్పలేదు కదా.

పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వడం మా నిబంధనలకు విరుద్ధం. దాన్ని ఎలా రాయాలన్న చర్చ వచ్చింది. నేను రిపోర్టులో ఉన్నదున్నట్టే రాశాను, కానీ దాన్ని ఒక మనిషి తప్పుగా రాయలేదు. మైక్రోస్కోప్ డేటా సర్వర్‌కు చేరడానికి మేము వేరే దారి ఏదీ ఇవ్వలేదు. దారి లేనిచోట జనం దారి చేసుకుంటారు. ఇంకో సంగతి: స్క్రిప్ట్‌లోని పాత పాస్‌వర్డ్ చూశాక, ఇప్పటిది ఎలా ఉంటుందో ఊహించడం కష్టం కాదని ప్రొఫెసర్ గారే ఒప్పుకున్నారు. చివరి అంకె మారుతుంది, అంతే. నాలుగు నెలలకోసారి మార్చమంటే అందరూ చేసేది అదే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే, కారణం లేకుండా గడువు పెట్టి పాస్‌వర్డ్ మార్పించవద్దని తన మార్గదర్శకాల్లో చెప్పింది. ఈ కేసు కాగితాలు జతచేసి ఆ గడువు తీసేయమని మా కమిటీకి రాశాను. ఇంకా నిర్ణయం రాలేదు. వచ్చేదాకా అడుగుతూనే ఉంటాను.

డొమైన్ కంట్రోలర్ లాగ్ పరిమాణం పెంచాం. హెల్ప్ డెస్క్ ఫారంలో "ఎప్పుడెప్పుడు అవుతోంది? వాళ్ల మాటల్లోనే" అన్న గడి వచ్చింది. ఒకే మనిషికి వారంలో మూడోసారి లాక్ పడితే, కాలర్ కంప్యూటర్ పేరు రాయకుండా టికెట్ మూయడం కుదరదు. మొదటి నెలలోనే దానివల్ల మరో రెండు విభాగాల్లో ఎవరి జాబితాలోనూ లేని కంప్యూటర్లు బయటపడ్డాయి. వాటిలో ఒకదాని బ్యాకప్ కూడా ఆగిపోయి ఉంది.

మొన్న గురువారం సాయంత్రం ఆ విద్యార్థి నుంచి మెసేజ్: "సార్, ఈరోజు మెయిల్‌లో సున్నా ఫైళ్లు అని వచ్చింది." పైకి వెళ్లాను. లేజర్ సర్వీసింగ్‌లో ఉంది, ఆ రోజు ప్రయోగమే జరగలేదు. అతనికి ఆ విషయం తెలియక, వెంటనే మాకు రాశాడు. ఇద్దరం కలిసి పాత ఫైలు ఒకటి సర్వర్ నుంచి తెరిచి చూశాం. తెరుచుకుంది. టికెట్‌లో అదంతా రాసి మూసేశాను.